స్వామి పేరున్న కాగితాలు

ఉమ్ అల్ క్వైన్
9 జూలై 2024

బావకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. ఎవరో ఫ్యాక్టరీలో వీడియో తీశారని పొద్దున గేటు దగ్గరే మా ఫోన్లు గుంజుకుంటున్నారు. సాయంత్రం ఇచ్చేటప్పుడు లోపల ఏముందో తిప్పి చూస్తున్నారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మన కంపెనీ ట్రెయిలర్ నడిపే అల్లాబకాష్ దీన్ని నీకు అందిస్తాడు. కడప మనిషి, మాట తక్కువ, నమ్మొచ్చు. పైన స్వామి పేరు రాయలేదు, ఏమనుకోకు. నా చేతులకు ఇంకా మైల ఉన్నట్టే అనిపిస్తోంది.

అంజి సంగతి మీ జెబెల్ అలీ క్యాంపులో వేరేగా చెప్పి ఉంటారు. నిద్రలో గుండె ఆగింది, పొద్దున లేపితే లేవలేదు అని. అబద్ధం. పట్టపగలు పదకొండు గంటలకు ట్యాంకులో పోయాడు.

మేము చేసేది ఫైబర్ నీళ్ల ట్యాంకులు కదా. లోపలి గోడలకు రెజిన్ జిగురు పూయాలంటే పై మూతలోంచి మనిషి దిగాలి. ఆ వాసనకు కళ్లు తిరుగుతాయి, అందుకని గాలి లాగే ఫ్యాను ఒకటి పెడతారు. ఆ రోజు దాన్ని పక్క ట్యాంకుకు పట్టుకుపోయారు. అర్జెంటు ఆర్డరని ఫోర్‌మన్ యల్లా యల్లా అని వెంటపడ్డాడు. అంజి దిగాడు. పైనుంచి రెజిన్ బకెట్లు అందించేది నేను. రెండు అందుకున్నాడు. మూడోది అందుకోలేదు.

పైకి లాగేసరికే అయిపోయింది. అంబులెన్సును పిలవమని నేనంటే ఫోర్‌మన్ ముందు ఎవరికో ఫోన్ చేసి మాట్లాడాడు. తరువాత మమ్మల్ని నలుగురిని పిలిచాడు. క్యాంపు ఫ్యాక్టరీ వెనకే కాబట్టి మోసుకుపోయి అతని మంచం మీదే పడుకోబెట్టాం. రెజిన్ అంటిన చొక్కా తీసేసి వేరేది తొడగమన్నారు. తొడిగింది నేనే బావా. ఇంటికి పోయే రోజు వేసుకుంటానని పెట్టెలో దాచుకున్న నీలం గళ్ల చొక్కా. చేతులు దూర్చడానికి చాలా కష్టమైంది. అంబులెన్సు ఆ తరువాత వచ్చింది.

నిన్న అంజి భార్య నవత ఫోన్ చేసింది. "అన్నా, నిద్రల పోయిండంట గదా, నొప్పి తెల్వలేదు గదా?" అని అడిగింది. "తెల్వలే చెల్లె" అన్నాను. పక్కనే ఫోర్‌మన్ మనిషి నిలబడి ఉన్నాడు. అప్పటినుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు. నిద్రలో పోయాడని కాగితం పుడితే కంపెనీ ఆమెకు పరిహారం ఏమీ ఇవ్వనక్కర్లేదట. ఏం చేయాలో నువ్వే చెప్పు. ఈ దేశంలో నాకు పెద్దదిక్కు నువ్వే.

నీ బామ్మర్ది
రాజమౌళి


శ్రీ లింబాద్రి లక్ష్మీనరసింహ స్వామియే శరణం

జెబెల్ అలీ
15 జూలై 2024

చిరంజీవి రాజమౌళికి బావ లింబాద్రి ఆశీర్వదించి రాయునది.

ముందుగా ఒక మాట. పైన స్వామి పేరు లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదు. మన గుట్ట మీది దేవుడి పేరే నాకు పెట్టారు. ఆ పేరు పట్టుకునే ఈ ఇసుకలో పదిహేడేళ్లు నెట్టుకొచ్చాను, బకెట్లు మోసినవాణ్ణి క్యాంప్ బాస్ అయ్యాను. నాలుగు వందల మంది నా మాట మీద పడుకుంటారు, నా మాట మీద లేస్తారు. స్వామికి మైల ఏమిటి? నీకు భయం పట్టింది, దానికి మైల అని పేరు పెట్టుకున్నావు.

అంజి మంచివాడే, నేనూ ఎరుగుదును. మన పక్కూరివాడు. కానీ పోయినవాడు పోయాడు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నువ్వు నోరు విప్పితే అంజి లేచి రాడు. నీ వీసా మాత్రం పోతుంది. ఆ వీసా తెప్పించింది నేనని ఆఫీసులో అందరికీ తెలుసు. నువ్వు తుమ్మితే జలుబు నాకు అంటగడతారు.

అన్నం తిను. ఎవరితోనూ అనకు. ఈ కాగితం చదివి చింపెయ్యి. ఫోన్లో మాటయితే ఎక్కడో ఒకచోట రికార్డు మిగులుతుంది, కాగితం చింపితే ఖలాస్. నీ ఉత్తరం నేను అప్పుడే చింపి పారేశాను. మీ అక్క మంజుల ఊరినుంచి ఫోన్ చేసి నిన్ను అడిగినట్టు చెప్పమంది.

లింబాద్రి


ఉమ్ అల్ క్వైన్
30 జూలై 2024

బావకు నమస్కారాలు.

నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. నేను ఫోన్ చేశాను.

మా మెస్ గోడకు ప్రభుత్వం వాళ్ల కాగితం ఒకటి ఉంది. పని దగ్గర అన్యాయం జరిగితే ఈ నంబరుకు చేయండి అని హిందీలో, ఇంకా ఏవేవో భాషల్లో రాసి ఉంటుంది. రెండేళ్లుగా దాని కిందే నిలబడి చేతులు కడుక్కుంటున్నాను, ఒక్కనాడూ చదవలేదు. అంజి శవపెట్టె ఊరికి పోయిన రోజున చదివాను. అల్లాబకాష్ ఫోన్ అడిగి తీసుకుని ట్రెయిలర్ క్యాబిన్లో కూర్చుని చేశాను. ఒక ఆడమనిషి హిందీలో మాట్లాడింది. తొందరపెట్టలేదు. చొక్కా మార్చిన సంగతి కూడా ఆమెకు చెప్పాను.

నా పేరు కంపెనీకి చెప్పరట. విచారణ ముగిసేదాకా కంపెనీ నా వీసా రద్దు చేయకూడదట. ఫిర్యాదు చేసినవాడికి అది రక్షణ అని చెప్పింది. ఆగస్టు ఇరవయ్యో తారీఖున లేబర్ ఆఫీసుకు స్వయంగా వచ్చి చూసింది చూసినట్టు చెప్పాలి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పింది. "పని మానకు. చెప్పకుండా ఏడు రోజులు దాటి కనబడకపోతే నువ్వు పారిపోయావని కంపెనీ రాయొచ్చు. అలా రాస్తే నీ రక్షణ నీ చేతులారా పోగొట్టుకున్నట్టే" అంది. నేను ఒక్క రోజు కూడా మానను అన్నాను.

మొన్న ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఫ్యాన్లు లెక్కపెట్టి పోయారు. ఎవరు చెప్పారా అని ఫోర్‌మన్ ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అల్లాబకాష్‌కు కూడా ఫోన్ ఎందుకో చెప్పలేదు. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు.

రాజమౌళి


శ్రీ లింబాద్రి లక్ష్మీనరసింహ స్వామియే శరణం

జెబెల్ అలీ
4 ఆగస్టు 2024

చిరంజీవి రాజమౌళికి బావ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి గర్వమనిపించింది. నా పెళ్లిలో నా చెప్పులు దాచిపెట్టి ఏడిపించిన పిల్లాడివి, ఇప్పుడు నీకు నిజంగా మీసం మొలిచింది. అంజి కోసం ఒకడు నిలబడ్డాడంటే అది మన ఇంటివాడే కావడం స్వామి దయ. నేను మొదట రాసింది మరిచిపో.

అయితే ఇరవయ్యో తారీఖు దాకా నువ్వు అక్కడ ఉండొద్దు. ఫోర్‌మన్ చూపు నీ మీదే ఉందని నాకు ఖబర్ వచ్చింది. ఏ ట్యాంకు మీదనుంచో జారిపడ్డాడని నీకూ ఒక కాగితం పుట్టిస్తారు. పదో తారీఖు శనివారం అల్లాబకాష్ నిన్ను బనియాస్‌లో దింపుతాడు. అక్కడ కిరాణా దుకాణం పైన నాకు తెలిసిన గది ఉంది. కిరాయి నేను కట్టాను. పది రోజులు తిను, పడుకో. ఇరవైన అక్కడినుంచే నేరుగా విచారణకు పో.

ఏడు రోజుల సంగతి నువ్వే రాశావు కాబట్టి దాని గురించి కూడా చెబుతున్నాను. అది చెప్పకుండా పోయేవాళ్లకు. నువ్వు చెప్పే పోతున్నావు, నాకు చెప్పి పోతున్నావు. ఆఫీసుకు నేను చెప్పాను. నీకు పది రోజుల లీవు నేనే రాయించాను. క్యాంప్ బాస్ మాటంటే కాగితం కిందే లెక్క.

కంపెనీ ఇచ్చిన సిమ్ తీసి పారెయ్యి. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

లింబాద్రి


బనియాస్
14 ఆగస్టు 2024

బావకు నమస్కారాలు.

గది బాగుంది. ఐదుగురం ఉన్నాం, ఏసీ పనిచేస్తుంది. నువ్వు పంపిన అక్క చేతి మామిడికాయ తొక్కు అందరికీ పెట్టాను, సీసా సగమైంది. అంజి పోయాక మొదటిసారి కడుపునిండా తిన్నాను.

కింద టైపింగ్ దుకాణం ఉంది. నెల్లూరు ఆయన, జానీ బాషా. మన వాళ్ల కష్టాలు అరబ్బీలో టైపు చేసి పెట్టడం ఆయన పని. మొన్న చాయ్ తాగుతూ ఎన్ని రోజుల లీవని అడిగాడు. పది అన్నాను. "లీవు కాగితం ఏదబ్బాయ్?" అన్నాడు. బావ చెప్పాడు, కాగితం ఎందుకన్నాను.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ ఒకసారి అనిపించింది, చిన్న కాగితం ఒకటి పంపమని బావను అడుగుదామా అని. వెంటనే సిగ్గేసింది. మా అక్కను నీ చేతిలో పెట్టినప్పుడు కాగితం రాయించుకున్నామా? నాన్న లేడు, నేను చిన్నవాణ్ణి, అమ్మ నీ మొహం చూసి ఇచ్చింది. వీసాకు పంపినప్పుడు నా పాస్‌పోర్టు కూడా అలాగే నీ చేతిలో పెట్టాను. అలాంటిది పది రోజుల లీవుకు కాగితం అడిగితే నా అంత నీచుడు ఉండడు.

విచారణలో ఏం చెప్పాలో రోజూ మనసులో అనుకుంటున్నాను. ఫ్యాను సంగతి, బకెట్ల సంగతి చెప్పగలుగుతాను. చొక్కా దగ్గరకు వచ్చేసరికి మాట ఆగుతోంది. ఆ రోజు నువ్వు పక్కనుంటే బాగుండేది.

రాజమౌళి


బనియాస్
21 ఆగస్టు 2024

బావా,

ఎక్కడో పొరపాటు జరిగింది. నువ్వు వెంటనే సరిచేయాలి.

నిన్న వెళ్లాను. కౌంటర్లో అతను నా నంబరు కొట్టి, తెర నా వైపు తిప్పాడు. నాకు అరబ్బీ రాదు, కానీ నా పేరు ఎదురుగా ఎర్రగా ఉంది. పారిపోయినవాడు అని రాసి ఉందట. పద్దెనిమిదో తారీఖున రాశారు. కంపెనీ మనిషి ఫైలుతో ముందే వచ్చి కూర్చున్నాడు. పదో తారీఖునుంచి కనబడడం లేదు, అంతటా వెతికాం అని చెప్పాడు. అది తీసేయించుకుని వచ్చేదాకా నా ఫిర్యాదు ముందుకు పోదన్నారు. అంజి పేరు నా నోట రాకముందే అయిపోయింది.

ఎక్కడున్నావు, ఎవరు పంపారు అని నన్ను పదే పదే అడిగారు. నీ పేరు చెప్పలేదు. చెబితే ఫిర్యాదుదారుణ్ణి దాచాడని నీ కొలువు తీసేస్తారని భయపడ్డాను. నాకే తోచి వెళ్లానన్నాను. కంపెనీ మనిషి దాన్ని రాసుకున్నాడు.

నువ్వు లీవు రాయించిన మనిషి ఎవరో అతన్ని ఒక్క మాట చెప్పమను. అంతా చక్కబడుతుంది.

రాజమౌళి


శ్రీ లింబాద్రి లక్ష్మీనరసింహ స్వామియే శరణం

జెబెల్ అలీ
2 సెప్టెంబరు 2024

రాజమౌళికి రాయునది.

నేను చెప్పాను, వాళ్లు మరిచిపోయారు. పెద్ద ఆఫీసుల్లో ఇలాంటివి జరుగుతాయి. ఇప్పుడు ఎవరి గొంతు పట్టుకుంటాం? నా పేరు చెప్పకపోవడం మంచి పని చేశావు. ఇకముందు కూడా చెప్పకు.

స్వామి నిన్ను మాత్రం చెయ్యి వదల్లేదు. నిన్నటినుంచి ఆమ్నెస్టీ, అదే క్షమాభిక్ష, తెరిచారు. కంపెనీ వదిలి పారిపోయిన నీలాంటి ఖల్లివెల్లిగాళ్లు జరిమానా లేకుండా, జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. లైన్లో నిలబడు, వేలిముద్రలు వెయ్యి, దేశం దాటే అవుట్‌పాస్ తీసుకో. టికెట్ నేను కొంటాను. నిన్న మొన్నటిదాకా సాక్షివి, ఈ రోజు పరార్ మనిషివి. నీ మాట ఎవడు వింటాడు? ఊళ్లో వరి కోతలకు మనుషులు దొరకడం లేదట, అక్కడైనా పనికొస్తావు.

ఇక్కడ నా పనులు పెరిగాయి. స్వామి దయవల్ల మీ ఉమ్ అల్ క్వైన్ క్యాంపు కూడా నాకే అప్పగించారు. రెండు క్యాంపులూ ఇప్పుడు నా కిందే. మంజులకు చెబితే సంతోషపడింది. నీ సంగతి విని ఏడ్చింది, తరువాత సర్దుకుంది.

చింపెయ్యి.

లింబాద్రి


బనియాస్
25 సెప్టెంబరు 2024

బావా,

ఆమ్నెస్టీ లైన్లో రెండు రోజులు నిలబడ్డాను. కాగితం నింపాను, వేలిముద్రలు ఇంకా వేయలేదు.

నాకు ఒక్క సంగతి రాసి పంపు. ఇంకేమీ వద్దు. నా లీవు గురించి ఆఫీసులో నువ్వు ఎవరికి చెప్పావు? ఆయన పేరు రాయి. లేదా నీకే ఎవరైనా చెప్పి చేయించారా? అదైనా రాయి.

బాగా ఆలోచించుకుని రాయి బావా. తొందరేమీ లేదు.

రాజమౌళి


శ్రీ లింబాద్రి లక్ష్మీనరసింహ స్వామియే శరణం

ఉమ్ అల్ క్వైన్
3 అక్టోబరు 2024

రాజమౌళికి,

నన్ను పేరు అడిగేంతటివాడివయ్యావా? నాకు ఒకడు చెప్పాలా, నేను చేయాలా? నీకు చాయ్ పోసే టైపింగ్ దుకాణం వాడు ఎక్కిస్తున్నాడని అల్లాబకాష్ వాలకం చూస్తేనే తెలిసింది.

అడిగావు కాబట్టి విను. నిన్ను బనియాస్ పంపింది నేను. గది కిరాయి కట్టింది నేను. ఆ పది రోజులూ నువ్వు ఎక్కడున్నావో, ఏం తిన్నావో అన్నీ నాకు తెలుసు. పరార్ కాగితం కింద క్యాంప్ బాస్‌గా సంతకం పెట్టిందీ నేనే. కంపెనీ నడిపే ముదీర్ గారికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఆయన పెద్దమనిషి, ఆయన పేరు నీ నోట రావద్దు. ఒక పిచ్చివాడి నోటివల్ల రెండు క్యాంపుల మనుషుల కూడు పోకూడదని నేనే చేశాను. ఇంట్లో పిల్లాడికి అన్నంలో కలిపి మందు పెడతాం, చెప్పి పెడతామా?

ఇంకెవరి కోసం కొట్లాడతావు? నవత సంతకం పెట్టేసింది. నా భర్త నిద్రలోనే పోయాడు, కంపెనీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు అని. మీ అక్కే వెంట కూర్చుని పెట్టించింది. పెళ్లానికి లేని నొప్పి నీకెందుకు?

నా కొలువుకు ఏదైనా అయితే మంజులను మీ అమ్మ ఇంటికి పంపిస్తాను. అప్పుడు నువ్వే సాకు. ఈ నెలలోపల విమానం ఎక్కు. కాగితాలన్నీ చింపావా లేదా రాయి.

లింబాద్రి


బనియాస్
18 నవంబరు 2024

బావా,

చింపలేదు. ఒక్కటీ చింపలేదు.

చింపకూడదని కాదు. మొదటిది చదివి చింపబోయాను. పైన స్వామి పేరు కనబడింది. అమ్మ మన గుట్టను మోకాళ్ల మీద ఎక్కింది నాకోసమే కదా. ఆ పేరును రెండు ముక్కలు చేయడానికి చెయ్యి రాలేదు. మడిచి పెట్టెలో పెట్టాను. తరువాతివీ అంతే. నువ్వు ప్రతిసారీ పైన స్వామి పేరు రాసి, కింద చింపమని రాశావు. నేను పైదే విన్నాను.

అవుట్‌పాస్ కాగితం నింపిన రోజు జానీ బాషా క్యాంపు ఎందుకు వదిలావని అడిగితే పెట్టె తెరిచి అన్నీ ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటీ చదివాడు. "కంపెనీ మనిషికి నువ్వు ఎక్కడున్నావో తెలిసి కూడా పరార్ అని రాస్తే అది దొంగ రాత అబ్బాయ్, తీసేస్తారు" అన్నాడు. నిన్ను ఒక ప్రశ్న అడగమన్నదీ ఆయనే. "మీ బావ వెనక ఇంకొకరుంటే ఆ పేరు రాయించు, ఆయన కూడా బయటపడతాడు" అన్నాడు. అందుకే ఆలోచించుకుని రాయమన్నాను. నువ్వు ఆలోచించలేదు.

నీ నాలుగు కాగితాలూ తర్జుమా ఆఫీసులో అరబ్బీలో పెట్టి ముద్ర వేశారు. పైన స్వామి పేరు వదిలేద్దామా అని నేనంటే, ఉన్నది ఉన్నట్టు పెట్టాలి అని జానీ బాషా దాన్ని కూడా పెట్టించాడు.

మొన్న కౌంటర్ దగ్గరకు ముదీర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తస్బీ జపమాల. మా క్యాంప్ బాస్‌ను నమ్మాం, మమ్మల్ని కూడా మోసం చేశాడు, తీసేశాం అన్నాడు. ఈ ఉత్తరాల్లో ముదీర్ చెప్పి చేయించినట్టు ఎక్కడైనా ఉందా అని ఆఫీసరు అడిగాడు. లేదు, ఒకదాంట్లో ఆయనకు సంబంధం లేదని రాసి ఉంది అని తర్జుమా అతను చదివి వినిపించాడు. ముదీర్ నాతో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

నా మీది రాత కొట్టేశారు. వేరే కంపెనీకి మారడానికి పర్మిట్ ఇచ్చారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నరసింహస్వామి పట్టించాడు. కానీ అంజి ఫైలు తెరవలేదు. భార్యే సంతకం పెట్టింది కదా అన్నారు. నేను బతికిపోయాను, అంజి ఇంకా నిద్రలోనే పోయి ఉన్నాడు.

రాజమౌళి


శ్రీ లింబాద్రి లక్ష్మీనరసింహ స్వామియే శరణం

ఉమ్ అల్ క్వైన్
9 డిసెంబరు 2024

చిరంజీవి రాజమౌళికి,

దొంగ రాత రాశానని కంపెనీ నా మీద కేసు పెట్టింది. పాస్‌పోర్టు కోర్టులో ఉంది. పని లేదు, ఇంటికి పోనివ్వరు. నేను పెట్టిన మంచాల్లో నాకు మంచం లేదు. మెస్‌లో నేను వెళ్తే మాటలాపుతారు. నిన్న ఒకడు నా పళ్లెంలో అన్నం పెట్టి, "చింపి తిను" అన్నాడు. ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఆగస్టు ఒకటో తారీఖున ముదీర్ నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. పదిహేడేళ్లలో ఆయన ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఫోన్ చేసింది ఎవరు అని అడిగాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. నేనే చదివి హిందీలో చెప్పాను. ఏడు రోజుల ముక్క దగ్గర ఆపమన్నాడు, మళ్లీ చదవమన్నాడు. ఏం చేయాలో ఆయనే చెప్పాడు. రెండు క్యాంపులూ నీకే అన్నాడు. ఆ పేరు రాయకపోతే నమ్మకస్తుణ్ణని ఆయన అనుకుంటాడని నీకు రాయలేదు.

నేను కూడా ఆ నంబరుకు చేశాను. ఫిర్యాదు చేస్తే నాకూ రక్షణ ఉంటుందట. కాగితమో సాక్షో ఉన్నారా అని ఆ ఆడమనిషి అడిగింది. నీ ఉత్తరాలున్నా ఏదో ఒక ఆధారం దొరికేదేమో, అన్నీ చింపేశాను. నువ్వు పైన ఏ దేవుడి పేరూ రాయవు, చెయ్యి ఆగలేదు.

నువ్వు ఒక్క మాట చెబితే చాలు. ముదీర్ నాకు చెబుతుంటే విన్నానని. జరిగింది నిజమే కదా, నువ్వు విన్నావా లేదా అన్నదే కదా తేడా. మీ అక్క అన్నం ముట్టడం లేదు. ఆమె మొహం చూసి చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటున్నాననుకో.

లింబాద్రి


జెబెల్ అలీ
20 డిసెంబరు 2024

బావా,

ఇక్కడ వేరే కంపెనీలో చేరాను. అక్క ఫోన్ చేసింది. "మీ బావను ఇడిపియ్‌రా" అని ఏడ్చింది. నవతతో సంతకం పెట్టించినప్పుడు ఆ కాగితంలో ఏముందో తెలుసా అని అడిగాను. తెలుసంది. నేను ఫోన్ పెట్టేశాను. ఆమె అన్నం తినడం లేదని నువ్వు రాశావు. జూలైలో నేనూ తినలేదు, అన్నం తిను అని నువ్వే రాశావు.

నవతకు నేనే చెప్పాను, నిద్రలో కాదు, ట్యాంకులో అని. "గళ్ల అంగి ఎవలు తొడిగిన్రు?" అని ఆమె అడిగింది. నేనే అన్నాను. "గుండీలు ఒకటి తప్పి పెట్టినవన్నా. పెట్టె తెరిచిననాడే చూసిన. ఆయన అట్ల ఏసుకోడు" అంది. సంతకం పెట్టే ముందు అదే మాట అక్కతో కూడా అందట. పోయినోళ్లకు గుండీలెందుకు అని అక్క పెన్ను చేతిలో పెట్టిందట.

ఆమె పేరు మీద జానీ బాషా కొత్త ఫిర్యాదు పెట్టాడు. సాక్షిని నేను. చూసింది, విన్నది తప్ప ఒక్క ముక్క కలిపినా కంపెనీ వకీలు మొత్తం కొట్టిపారేస్తాడని ఆయన చెప్పాడు. ముదీర్ నీకు చెప్పడం నేను వినలేదు. నువ్వు రాసింది చదివాను, అంతే. ఒకసారి చొక్కా మార్చాను. ఇంకొకసారి మార్చను, నీ కోసం అసలు మార్చను.

నీ చివరి ఉత్తరం మీద కూడా స్వామి పేరుంది. దాన్నీ చింపలేదు. నవత ఫైల్లో పెట్టాను. అందులో ముదీర్ నేరముంది, నీ నేరమూ ఉంది. నీకు పనికొస్తే రానీ, నీ మీదికే వస్తే రానీ.

మళ్లీ ఆ నంబరుకు చేస్తే ఆమె చెప్పింది చెప్పినట్టు చెయ్యి. చుట్టాల మాట వినకు.

ఈ ఉత్తరం మీద ఏ దేవుడి పేరూ లేదు. చదివి చింపెయ్యి.

రాజమౌళి